ఇంట్లో పుట్టిన మాట

మొన్నామధ్య హైదరాబాదులో మా మనవరాలి ఇంట్లో ఉండగా, దానికి ఆఫీసులో పెద్ద పదవి వచ్చిందని ఇల్లంతా సందడి చేసి, కేకు కోసి మొదటి ముక్క నా నోట్లో పెట్టి, ఇకమీదట తమ కంపెనీలో వర్నాక్యులర్ విభాగమంతా తన చేతికిందే ఉంటుందని చెప్పింది. కేకు నోట్లోనే ఉండిపోయింది. ఆ మాట విని డెబ్భై ఏళ్ళయింది నాకు. అదేమి విభాగమే అని అడిగితే, తెలుగూ తమిళమూ కన్నడమూ, ఇంగ్లీషు కానివన్నీ అమ్మమ్మా అని, మళ్ళీ ఫోను మోగితే అటు వెళ్ళిపోయింది. మూడేళ్ళ మా మునిమనవరాలు అప్పుడు పనిపిల్ల సంకనెక్కి, ఆ పిల్ల కొంగు చివర నములుతూ ఉంది. ఆ పనిపిల్లది మా వైపే, అర్ధవీడు దగ్గర పల్లె. మొగుడితో కలిసి కూలికని వచ్చి, వాడు సిమెంటు పనికీ ఇది ఈ ఇంటికీ కుదిరారు. పొద్దున ఎనిమిదింటి నుంచి రాత్రి దాకా ఆ పసిదాన్ని మోసేది ఈ పిల్లే.

మీలో ఆ కాలంలో బడికి వెళ్ళినవాళ్ళు ఎవరైనా మిగిలి ఉంటే మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. మార్కుల కాగితం మీద ఇంగ్లీషు, లెక్కలు, భూగోళం అని దేని పేరు దానికి రాసి, మన తెలుగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పేరు లేకుండా వర్నాక్యులర్ అని రాసేవాళ్ళు. మద్రాసు నుంచి వచ్చే అచ్చు కాగితాలు కదా, అరవానికీ తెలుగుకీ కన్నడానికీ అదే గడి. మనకు అది తప్పుగా తోచేది కాదు. ఇంగ్లీషు వాళ్ళు పెట్టిన పేరు ఏదో గొప్పదే అయి ఉంటుందనుకునేవాళ్ళం. ఆ పేరు వెనక ఏముందో తెలిసిన పదిరోజులకు నేను ఒక పెద్దమనిషిని కొట్టాను. చేత్తో కాదు లెండి, నోటితో.

అప్పటికి మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేది. యుద్ధం ముగిసిన ఏడాది, నాకు పదిహేడు నడుస్తుండగా, మిషను కాంపౌండులో టీచరు ట్రైనింగు చదువుతున్నాను. అర్ధవీడు పక్క మా పల్లె నుంచి కంభం దాకా నడిచి, అక్కడ రైలెక్కి మార్కాపురం రోడ్డులో దిగి, మళ్ళీ ఊళ్ళోకి నడక. ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని మా నాయన ముందు నడిచేవాడు, నేను వెనక. ఆ దారిలో ఆయన మాట్లాడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, అంత మితభాషి.

మా నాయన మా ఊరి మోతుబరి ఇంట్లో పాలేరు. పాలేరు అంటే ఏడాదికొకసారి కుదిరే మనిషని మీకు తెలుసు. మా ఊళ్ళో ఉగాది పొద్దున జీతగాళ్ళంతా స్నానాలు చేసి ఆ పెద్దింటి వాకిట్లో నిలబడితే, యజమాని ఒక్కొక్కరినే పిలిచి ఈ ఏడు ఉంటావా అని అడిగి, ఉంటానంటే కొత్త తువ్వాలు భుజాన వేసేవాడు. ఉండనన్నవాడు తువ్వాలు ముట్టకుండా దండం పెట్టి మరో ఇల్లు చూసుకునేవాడు. సంవత్సరంలో ఆ ఒక్క పూట పాలేరు కూడా నోరు విప్పి కాదనగల మనిషే. మా నాయనను మాత్రం ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఆయన ఆ ఇంటి గొడ్ల కొట్టంలోనే పుట్టాడు. మా జేజి ఆ కొట్టంలో పేడ ఎత్తుతూ నొప్పులు పడి అక్కడే కన్నది. ఇంట్లో పుట్టినోడిని అడిగేదేందని వాళ్ళ ధీమా. ఆయన వంతు తువ్వాలు తీసుకెళ్ళి కొట్టంలో కొయ్యకు తగిలించిపోయేవాళ్ళు. మా అమ్మ చనిపోయిన ఏడు కూడా అట్లాగే తగిలించారు.

నన్ను చదివించింది ఆ కొయ్యను చూసే. నా బిడ్డ టీచరమ్మయిన ఏడు ఆ తువ్వాలు ముట్టనని మా ఊరి చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశిగారి ముందు, ప్రార్థన చేసుకుని మరీ, అన్నాడట. ఉపదేశిగారే ఆ సంగతి నాకు చెప్పి, బాగా చదువుకోమ్మా అన్నారు. అంటే నా ట్రైనింగు కాగితం మీద మా నాయన ఉగాది వేలాడుతోందన్నమాట. అది తెలిసి కూడా నేను చేసిన పని వినండి.

మాకు తెలుగు చెప్పే అయ్యవారు అగ్రహారం నుంచి వచ్చేవారు. డెబ్భైకి దగ్గరపడిన మనిషి, పల్చటి ఒళ్ళు, గొంతు మాత్రం కంచు. ఆయన పద్యం చదివితే వంటింట్లో గరిటె తిప్పే ఆయమ్మ కూడా గరిటె ఆపి వినేది. ఎన్ని పద్యాలు, ఎన్ని కథలు! అయితే మమ్మల్ని తాకేవారు కాదు. మేమంతా పల్లెల్లోని కూలి ఇళ్ళ నుంచి వచ్చిన క్రైస్తవుల పిల్లలం. పలకరాతి గనులున్న మార్కాపురంలో పలకలకు కరువేముంది, ప్రతి పిల్లకూ ఒక మంచి పలక ఉండేది. రాసిన పలకను బల్ల చివర పెట్టి మేము మూడడుగులు వెనక్కి జరిగితే, ఆయన తీసుకుని, దిద్ది, మళ్ళీ అక్కడే పెట్టేవారు. సాయంత్రం బావి దగ్గర స్నానం చేసిగాని ఇంట్లోకి వెళ్ళేవారు కాదట. మాకు కోపం రాలేదా అంటే, ఇప్పుడు వస్తోంది గాని అప్పుడు రాలేదు. వర్షం వస్తే తడుస్తామన్నంత మామూలుగా ఉండేది అది.

ఆయన ఇంటి వీధిగోడకు ఒక రేకు బోర్డు ఉండేది. నీలం రంగు మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలతో వర్నాక్యులర్ పండిట్ అని రాసి ఉండేది. ఆయనకు ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. అచ్చు కాగితంలో తన పేరు పక్కనున్న ఆ రెండు మాటలనూ పెయింటరుకు చూపించి, అచ్చం అట్లాగే దించమని దగ్గర నిలబడి రాయించుకున్నారట. పండగ వస్తే గోడకు సున్నం వేయించేటప్పుడు బోర్డును విప్పి, తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ తానే మేకులు కొట్టేవారు. లెక్కల మేష్టరుకు కుర్చీ, ఇంగ్లీషు మేష్టరుకు కుర్చీ, ఈయనకు స్టూలు. ఆ బోర్డు మాత్రం వాళ్ళెవరికీ లేదు.

మా మిషను బడి నడిపే దొరసానమ్మ దగ్గర దిండంత నిఘంటువు ఒకటి ఉండేది. ఆదివారం మధ్యాహ్నాలు ఆమె గది తుడిచే వంతు నాదైనప్పుడు దాన్ని తెరిచి చూడనిచ్చేది. తుడవడం పావుగంట, చూడడం రెండు గంటలు. ఒక ఆదివారం ఆ మాట కోసం వెతికాను. నిఘంటువు చెప్పింది నాకు సగమే అర్థమైతే, మిగతా సగం దొరసానమ్మ తన వచ్చీరాని తెలుగులో విడమరిచింది. అది లాటిను నుంచి వచ్చిన మాటట. పూర్వం రోము దేశంలో యజమాని ఇంట్లోనే పుట్టిన బానిసను వెర్నా అనేవాళ్ళట. సంతలో కొన్నవాడు వేరు, యుద్ధంలో పట్టుకొచ్చినవాడు వేరు, ఇంట్లో పుట్టినవాడు వేరు. దాని నుంచి ఇంట్లో పుట్టినదానికీ, ఇంటిదైనదానికీ ఆ పేరు పాకి, చివరికి ఇంట్లో మాట్లాడుకునే భాషకు పేరై కూర్చుందట. ఆమె ఇదంతా మామూలుగా, చెట్టు పేరు చెప్పినట్టు చెప్పింది. నేను గుడ్డ చేత్తో పట్టుకుని నేల మీద అట్లాగే కూర్చుండిపోయాను. కొట్టమూ, కొయ్యా, తువ్వాలూ కళ్ళకు కట్టాయి.

ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుని ఏడ్చి ఉంటే బాగుండేది. పదిరోజుల తర్వాత నా ప్రాక్టీసు పాఠం వచ్చింది. ఒకటో తరగతి పిల్లలకు నేను పాఠం చెబుతుంటే అయ్యవారు వెనక స్టూలు మీద కూర్చుని చూసి, నా పుస్తకంలో తన మాట రాసి సంతకం పెట్టాలి. ఇన్‌స్పెక్టరమ్మ వచ్చేలోగా ఆ సంతకం లేకపోతే నా ట్రైనింగు చెల్లదు. మీ నాయన పొద్దున ఏం చేసినాడో చెప్పమని ఒక బుడ్డదాన్ని అడిగితే, మా నాయన చేనికి పోయినాడని ముద్దుగా చెప్పింది. నేను అదే మాట నల్లబల్ల మీద రాసి, పిల్లల చేత వేలు పెట్టించి చదివిస్తున్నాను. పిల్లలు వాళ్ళ మాట బల్ల మీద కనబడేసరికి ఎగిరి గంతులేస్తున్నారు. అయ్యవారు లేచి వచ్చి, తన ఉత్తరీయంతో ఆ వాక్యం తుడిచేసి, తండ్రి పొలమునకు వెళ్ళెను అని రాశారు. అంతటితో పోనిస్తే నేను తలవంచుకునేదాన్నే. నా వైపు తిరిగి, పాలేర్ల కొట్టంలోని మాటలు బడిలోకి మోసుకురావద్దని నలభైమంది ముందు అన్నారు.

కొట్టం అన్న మాట చెవిన పడగానే నాకు ఒళ్ళు తెలియలేదు. "మీ గోడ మీద రాసుకున్న మాటకు అర్థం ఏందో తెలుసా అయ్యవారూ? దొరల ఇంట్లో పుట్టిన బానిస అని. పుస్తకంలో చూసినా" అన్నాను. లాటినూ, రోమూ, వెర్నా, మొత్తం అప్పజెప్పాను. నలభై ఏళ్ళు ఆ మాటకు మేకులు కొట్టుకున్నారని కూడా అన్నాను, అది మరీ పాపం. ఆయన సుద్దముక్క బల్ల అంచున పెట్టి, ఉత్తరీయం దులుపుకుని, నెమ్మదిగా మెట్లు దిగి వెళ్ళిపోయారు. కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేమని మా జేజి వెయ్యిసార్లు చెప్పిన మాట, ఆయన గేటు దాటాక గాని నాకు గుర్తు రాలేదు.

మరునాడు ఆయన బడికి రాలేదు. ఆ మరునాడూ రాలేదు. స్టూలు ఖాళీగా ఉంటే తెలుగు గంటలో మేము ఊరికే కూర్చునేవాళ్ళం. ఆయన ఇంటి మీదుగా పాలకు వెళ్ళే ఆయమ్మ, గోడ మీద బోర్డు లేదమ్మీ, రెండు మేకు బొక్కలున్నాయి అంతే, అని చెప్పింది. దొరసానమ్మ నన్ను పిలిచి కేకలేయలేదు. ఇన్‌స్పెక్టరమ్మ తొమ్మిదిరోజుల్లో వస్తుందని మాత్రం అంది. నేను నాయనకు కార్డు రాశాను. ఉపదేశిగారు చదివి వినిపించి ఉంటారు, నాలుగోరోజు పొద్దున్నే ఆయన గేటు దగ్గర, కాళ్ళ నిండా దుమ్ముతో, నిలబడి ఉన్నాడు.

జరిగిందంతా చెప్పాను. ఆ పెద్దాయన అన్నదీ, నేను అన్నదీ, ఆ మాట పుట్టుపూర్వోత్తరాలూ అన్నీ చెప్పి, నాయన నన్ను వెనకేసుకొస్తాడని చూశాను. ఆయన కాలిబొటనవేలితో నేల గీస్తూ, "నన్ను రాయి మాదిరి తీసుకోని ఆయన్ను కొట్టినావా అమ్మీ?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నిజమే కదా. బానిస అన్న మాటను నేను బూతుగా వాడాను. ఎదుటివాడిని నొప్పించడానికి నాకు దొరికిన అతి పెద్ద తిట్టు మా నాయన పుట్టుకే. ఆ నిమిషంలో పడ్డ సిగ్గు ఇప్పటికీ అట్లాగే ఉంది.

ఆ సాయంత్రమే నన్ను వెంటబెట్టుకుని అగ్రహారం వీధికి వెళ్ళాడు. అయ్యవారు అరుగు మీద, గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. వారంరోజుల్లో పదేళ్ళు మీద పడ్డట్టు ఉన్నారు. నాయన అరుగుకు దూరంగా, వీధిలో, తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని నిలబడి, తానూ మోతుబరి ఇంట్లో పుట్టిన పాలేరునేనని చెప్పి, బిడ్డ తప్పు మాట్లాడిందని దండం పెట్టాడు. అయ్యవారు "నువ్వు ఆ ఇంట్లోనే పుట్టినవాడివటరా?" అని అడిగారు.

"కొట్టంలో పుట్టినా సామీ. మా అమ్మ కూడా ఆడనే" అన్నాడు నాయన. తర్వాత, మా అమ్మ పోయిననాడు కూడా పది మాటలు మాట్లాడని మనిషి, ఏమనుకున్నాడో ఏమో, ఆగకుండా మాట్లాడాడు. "ఆ ఇంటి పిల్లకాయలు ముగ్గురూ నా సంకలోనే పెరిగినారు సామీ. వాళ్ళమ్మ జబ్బు మనిషి, మంచం దిగేది కాదు. తెల్లారితే కొట్టంలోకి పరిగెత్తుకొచ్చేటోళ్ళు. ఇది ఆవు, ఇది దూడ, అది వాన అని నేనే చెప్పినా. వాళ్ళకు తొలి మాట వచ్చింది నా కాడనే. పొద్దుగూకినాక ఇంట్లోకి తీసకపొయ్యే ముందర, నేను ముట్టుకున్నానని బిడ్డ మింద నీళ్ళు పోసేటోళ్ళు. బిడ్డనైతే కడిగినారు గాని సామీ, నోట్లోకి పోయిన మాటను యాడ కడుగుతారు?"

వీధిలో ఎవరిదో ఎద్దులబండి పోయింది. అది మలుపు తిరిగాక అయ్యవారు ఆ పిల్లలు ఇప్పుడెక్కడున్నారని అడిగారు. పెద్దాయన మద్రాసులో లాయరని, ఊరికొస్తే అందరితో ఒక రకంగా మాట్లాడి కొట్టంలోకి వచ్చినప్పుడు మాత్రం మన మాటే మాట్లాడతాడని నాయన చెప్పాడు. అయ్యవారు కళ్ళు మూసుకుని, తన తల్లి పురిట్లోనే పోయిందనీ, తనను పెంచింది ఇంటి పాచిపని చేసే ముసలమ్మ అనీ అన్నారు. ఆమె ఏ ఊరిదో, పేరేమిటో కూడా తాను ఎన్నడూ అడగలేదని అన్నారు. అది మాతో అన్నట్టు లేదు. తర్వాత, సంతకం కోసం నేను తెచ్చిన పుస్తకం ఇటు పెట్టమన్నారు.

ఆయన నా చేతిలో నుంచి పుస్తకం అందుకున్నారని రాస్తే చదవడానికి బాగానే ఉంటుంది. అబద్ధం రాసే వయసు కాదు నాది. అలవాటు కొద్దీ నేను అరుగు చివర పెట్టి మూడడుగులు వెనక్కి జరిగాను, ఆయన తీసుకుని, రాసి, అక్కడే పెట్టారు. ఈమె చెప్పు పాఠము పిల్లలకు తెలియును అని ఒక్క వాక్యం, కింద సంతకం. మేము దండం పెట్టి వెనుదిరుగుతుంటే నాయనను చూసి, "చాలాదూరం నడిచొచ్చావు, కూర్చో" అని అరుగు చివర చూపించారు. నాయన కూర్చోలేదు. ఆయనా రెండోసారి అనలేదు. కూర్చోమన్న మాట మాత్రం నాయన పోయేదాకా చెప్పుకున్నాడు.

సోమవారం అయ్యవారు బడికి వచ్చారు. బోర్డు మళ్ళీ ఎక్కలేదు. నాకు కురిచేడు దగ్గర ఒక పల్లెలో టీచరు పని దొరికింది. ఉగాదినాడు కొట్టంలో తువ్వాలు ఎప్పటిలాగే కొయ్యకు తగిలించారు. నాయన గొడ్లకు కుడితి పెట్టి, ఒక్కొక్కదాని మెడ నిమిరి, తువ్వాలు ముట్టకుండా బయటికి వచ్చాడు. వచ్చి, ఊరి చివర దాకా ఏడుస్తూ నడిచాడు. నాకు అప్పుడు అర్థం కాలేదు, స్వేచ్ఛ వస్తే ఏడుపెందుకని విసుక్కున్నాను కూడా. పుట్టిన చోటు అది, కొట్టమైనా సరే. ఆయన చనిపోయినప్పుడు మద్రాసు లాయరుగారికి నేనే కార్డు రాశాను. జవాబు రాలేదు.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. తర్వాత ముప్ఫై అయిదేళ్ళు నేనూ బడిలో పనిచేశాను. ఇన్‌స్పెక్టర్లు వస్తారని, పిల్లలు పరీక్షల్లో తప్పుతారని, మా నాయన చేనికి పోయినాడు లాంటి వాక్యాలను నేనూ లెక్కలేనన్ని పలకల మీద తుడిచేశాను. ఇదిగో, ఈ నాలుగు ముక్కలు కూడా పుస్తకాల తెలుగులోనే రాస్తున్నాను. అయ్యవారిని తప్పుపట్టే నోరు నాకు లేదు.

హైదరాబాదు నుంచి బయల్దేరిన పొద్దున, సంచి సర్దుకుంటుంటే మునిమనవరాలు పనిపిల్ల సంకలో నుంచి వంగి, "యాడికి పోతుండావు జేజీ?" అని అడిగింది. అచ్చం మా ఊరి మాట, రవ్వంత కూడా చెడకుండా. మనవరాలు నవ్వి, చూశావా అమ్మమ్మా దీని భాష, ఎవరైనా వింటే ఏమనుకుంటారు, వచ్చేనెల నుంచి స్పీచ్ క్లాసులో వేస్తున్నాం, ఆరునెలల్లో ఈ యాసంతా పోతుందట అంది. పనిపిల్లతో, ఇక దీని దగ్గర నువ్వు ఎక్కువగా మాట్లాడకు అని కూడా, కోపంగా కాదు, మామూలుగానే చెప్పింది. ఆ పిల్ల నేల చూపులు చూసింది. నేను ఈ కథంతా మనవరాలికి చెబుదామని నోరు తెరిచాను, అంతలో దాని ఫోను మోగింది.

బిడ్డను కడగగలరు గాని మాటను కడగలేరన్నాడు మా నాయన. అది కూడా కడిగే రోజులు వస్తాయని పాపం ఆయనకు తెలియదు. గుమ్మం దగ్గర నిలబడి ఆ పనిపిల్ల పేరు అడిగాను, ఊరి పేరు అడిగాను, వాళ్ళమ్మ పేరు కూడా అడిగి సంచిలో ఉన్న కాగితం మీద రాసుకున్నాను. మునిమనవరాలు పెద్దదయ్యాక ఎప్పుడైనా అడిగితే చెప్పడానికి నేను ఉండను, కాగితమైనా ఉంటుంది. ఆ పసిది ఇంకా జవాబు కోసం నా మొహంలోకే చూస్తోంది. "మన ఊరికి పోతుండా అమ్మీ" అన్నాను.